పార్కు జాగ ఎవరిది, సొమ్ము ఎక్కడిది, నీళ్లెట్లా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కాలనీ పార్కులు, ఆటస్థలాల మీద వరంగల్ చుట్టుపక్కల పట్టణాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమందికి అక్కరకొచ్చేవి ఏరి, మున్సిపల్ ఇంజినీరింగ్, పట్టణ ప్రణాళిక, ఉద్యాన పనులు తెలిసినవారితో జవాబులు రాయించాం.

ప్రశ్న: మా కాలనీ లేఅవుట్‌లో పార్కు అని 1,900 గజాలు చూపించారు. ఇప్పటిదాకా సర్కారు తుమ్మ తప్ప అందులో ఏమీ లేదు. ఈ మధ్య పక్క ప్లాటాయన అందులో ఇటుక, కంకర పోసి రేకుల షెడ్డు వేశాడు. అడిగితే ‘ఇది మా తాతల పట్టా’ అంటున్నాడు. పార్కు కోసం నిధులు అడుగుదామనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?
– కాలనీ సంఘం సభ్యుడు, నర్సంపేట

జవాబు: నిధుల సంగతి పక్కన పెట్టి ముందు కాగితాలు చేతికి తెచ్చుకోండి. జాగ మున్సిపాలిటీదని తేలకుండా ఏ ఇంజినీరూ ఎస్టిమేట్ వేయడు, వేసినా ఆడిట్‌లో ఆగిపోతుంది.

కావాల్సినవి రెండు. ఒకటి, ముద్ర పడిన లేఅవుట్ నక్షా. దాని మీద లేఅవుట్ ఆమోద సంఖ్య, అంటే ఎల్.పి. నంబరు ఉంటుంది. రెండోది, రోడ్లనూ ఖాళీ స్థలాన్నీ స్థానిక సంస్థకు రాసిచ్చిన రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్. మున్సిపల్ ఆఫీసులో టౌన్ ప్లానింగ్ సెక్షన్‌ను అడగండి. దొరకలేదంటే సమాచార హక్కు కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ సర్వే నంబరుకు ఈసీ (ఆ జాగ మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) కూడా తీయించండి. ఆ జాగను ఎవరైనా ముక్కగా అమ్మి ఉంటే అందులో బయటపడుతుంది. మీ ఊరు గ్రామ పంచాయతీగా ఉన్నప్పటి లేఅవుట్ అయితే ఫైలు పాత పంచాయతీ బీరువాలోనే ఉండిపోయి ఉండొచ్చు. అక్కడ వెతికించండి.

‘తాతల పట్టా’ అనే మాట ఎక్కడి నుంచి వస్తుందో కూడా తెలుసుకోవాలి. పొలాన్ని గజాల లెక్కన ప్లాట్లు చేసి అమ్మేసినా రెవెన్యూ రికార్డులో పాత పట్టాదారు పేరు అలాగే ఉండిపోయిన చోట్లు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. భూరికార్డుల పోర్టల్ ధరణిలో అదే పేరు వచ్చింది, ఇప్పుడు దాని బదులు వచ్చిన భూభారతిలోనూ అదే కనిపిస్తుంది. వారసులు దాన్ని చూపించి మళ్లీ అమ్ముతారు. ఆమోదం పొందిన లేఅవుట్‌లో పార్కుకు వదిలిన జాగకు ఆ పేరు అడ్డు కాకూడదు. ఆ పేరు సవరించాలని మున్సిపల్ కమిషనరే తహసీల్దారుకు రాయాలి, మీరు రాయించాలి.

తర్వాత సర్వే. కమిషనర్ లేఖతో సర్వేయర్ వచ్చి నాలుగు మూలలా హద్దురాళ్లు పాతాలి. చుట్టూ ఉన్న ప్లాట్ల యజమానుల సంతకాలతో పంచనామా రాయాలి. మూలల జీపీఎస్ అంకెలు అందులో ఎక్కించాలి, ఎందుకంటే రాయి రాత్రికి రాత్రి జరగొచ్చు, అంకె జరగదు. ఆపైన ఆ జాగను రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ నిషేధిత జాబితాలో పెట్టమని రాయించండి. ఇది చాలా కాలనీలు మరిచే పని. జాబితాలో ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆ జాగ మీద దస్తావేజు చేయడు.

రేకుల షెడ్డు ఫొటోలు తేదీతో తీసి, కమిషనర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. సోమవారం అధికారులు ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో కూడా ఒక ప్రతి ఇవ్వండి. మీరే వెళ్లి కూలగొట్టొద్దు, కేసు మీ మీదికే వస్తుంది. పార్కుకు వదిలిన జాగను ప్రైవేటు ఆస్పత్రికి ఇవ్వడం చెల్లదని బెంగళూరు కేసులో సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. ‘ఖాళీగా ఉంది కదా’ అనేది ఏ అధికారికీ కారణం కాదు.

మీ లేఅవుట్‌కు ఆమోదమే లేకపోతే కథ వేరు. బ్రోకర్ నక్షాలో ఆకుపచ్చ రంగు వేసినంత మాత్రాన అది పార్కు కాదు, యజమాని రాసివ్వాలి. రాసివ్వకపోతే మీకు మిగిలే దారి, అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే ఎల్ఆర్ఎస్‌లో మీరు కట్టిన ఖాళీ స్థలం రుసుము. దాని గురించి కింది జవాబులో ఉంది.

ప్రశ్న: మున్సిపాలిటీని ఎప్పుడడిగినా ‘ఫండ్స్ లేవు’ అంటారు. పార్కుకు సొమ్ము నిజంగా ఏ ఏ పద్దుల నుంచి రావచ్చు?
– పాఠకురాలు, పరకాల

జవాబు: మొదటిది హరిత బడ్జెట్. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019 ప్రకారం ప్రతి పట్టణం తన బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని కూడా ఆ చట్టమే అంటుంది. కానీ ఈ పది శాతంలోనే నర్సరీలు, రోడ్డు పక్క చెట్లు, ట్యాంకర్లు, కూలీల జీతాలు అన్నీ ఉంటాయి. అందుకని ‘పార్కు కట్టండి’ అని దీన్ని అడిగితే మిగిలేది తక్కువ. మొక్కలు, డ్రిప్పు, మాలి జీతం మటుకు దీని నుంచే అడగండి. నిరుటి హరిత బడ్జెట్ ఏ పద్దుకు ఎంత ఖర్చయిందో సమాచార హక్కు కింద తీసుకుని వెళ్తే మాట్లాడటానికి పట్టు దొరుకుతుంది.

రెండోది ఎల్ఆర్ఎస్ సొమ్ము. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం వదలని చోట, ప్లాటు విలువలో 14 శాతం ఖాళీ స్థలం రుసుముగా వసూలు చేయాలని 2020 ఆగస్టు 31 నాటి జీఓ 131 చెప్పింది. అంటే పార్కు లేని లోటుకు బదులుగా మీ వీధివాళ్లు సొమ్ము కట్టారు. ‘మా వార్డులో ఎల్ఆర్ఎస్ కింద ఖాళీ స్థలం రుసుము ఎంత వచ్చింది, ఎక్కడ ఖర్చు పెట్టారు’ అనే ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా అడగండి. ఇంతకంటే న్యాయమైన ప్రశ్న ఇంకోటి లేదని మా అభిప్రాయం.

మూడోది ఆర్థిక సంఘం నిధులు. 15వ ఆర్థిక సంఘం చిన్న పట్టణాలకిచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యాలకు కట్టుబడినది, 40 శాతం స్థానిక అవసరాలకు. పార్కు పనికి ఈ నలభై శాతంలాంటి నిధే పనికొస్తుంది, జీతాలకు మాత్రం వాడకూడదు. వాననీటి ఇంకుడు గుంతలు నీటి పద్దులోకి వస్తాయి కాబట్టి పార్కులో గుంతల పనిని విడదీసి అందులో చూపించమని ఇంజినీరును అడగొచ్చు.

ఎమ్మెల్యే, ఎంపీ నిధులు ఓపెన్ జిమ్, ప్రహరీ, దీపాలు లాంటి ఒక్కసారి ఖర్చుకు సరిపోతాయి. ఎంపీకి ఏడాదికి 5 కోట్లు నియోజకవర్గం మొత్తానికి. సిఫార్సు ఆయనది, మంజూరు జిల్లా అధికారిది. జాగ మున్సిపాలిటీ పేరు మీద ఉండాలన్నది ఇక్కడ కూడా మొదటి మెలిక. 2021 అక్టోబరు 1న మొదలైన, పట్టణాల నీటి వసతుల కేంద్ర పథకం అమృత్ 2.0లో చెరువులకూ పార్కులకూ చోటుంది. దానికి కాలనీ నేరుగా దరఖాస్తు పెట్టుకోలేదు, రాష్ట్రం పంపే ప్రణాళికలో మీ పట్టణం పని ఉండాలి.

ఎప్పుడు అడగాలన్నది ఎంత అడగాలన్నదంత ముఖ్యం. బడ్జెట్ ముసాయిదా తయారయ్యే ముందు, అక్టోబరు – డిసెంబరు మధ్య కాగితం లోపలికి వెళ్లాలి. మార్చిలో వెళ్తే మిగిలిన చిల్లర పనుల్లో పడుతుంది. అడిగే కాగితం ఒక పేజీ చాలు: సర్వే నంబరు, విస్తీర్ణం, చుట్టూ ఎన్ని ఇళ్లు, నీటి వసతి, ఏ ఏడు ఏ పని. వెనక నక్షా, గిఫ్ట్ డీడ్, ఫొటోలు జతచేయండి. ఎస్టిమేట్ చూసినప్పుడు పని విలువ మీద 18 శాతం జీఎస్టీ, 1 శాతం లేబర్ సెస్ కలుస్తాయని గుర్తుంచుకోండి. పది లక్షల పని అంటే దాదాపు 11 లక్షల 90 వేల మంజూరు కావాలి. ఇది చూసుకోక చివరికి లైట్లకు సొమ్ము చాలలేదని వదిలేసిన పార్కులున్నాయి.

పనుల వరుస కూడా మీరే చెప్పండి. మొదటి ఏడు కంచె, చదును, వాననీరు పోయే దారి, నీళ్లు, చెట్లు. రెండో ఏడు నడక బాట, దీపాలు. మూడో ఏడు ఆటసామాను. ఆర్చి, ఫౌంటెన్ ముందు కట్టిస్తామని ఎవరైనా వస్తే వద్దనండి. ఫౌంటెన్ మోటారు పోయాక ఆ తొట్టి దోమల గుంట అవుతుంది.

ప్రశ్న: మా అర ఎకరం పార్కులో పేవర్ బ్లాకులతో వేసిన నడక బాట రెండు వానాకాలాలకే ఎగుడుదిగుడు అయింది. పెద్దవాళ్లు తట్టుకుని పడుతున్నారు. మాది నల్లరేగడి. మళ్లీ ఎట్లా వేయించాలి?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, జమ్మికుంట

జవాబు: తప్పు బ్లాకుది కాదు, కింది మట్టిది. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని నెర్రెలిస్తుంది. ఆ మట్టి మీదే ఇసుక పరిచి బ్లాకులు పేరిస్తే ఏటా లేస్తూ దిగుతూ ఉంటాయి. పక్కనే పూలమడికి నీళ్లు పెడుతుంటే బాటకు ఒక అంచు తడిగా, ఇంకో అంచు పొడిగా ఉండి ఇంకా తొందరగా వంకరపోతుంది.

ఆరడుగుల వెడల్పు, అంటే 1.8 మీటర్ల బాట 150 మీటర్ల పొడవు అనుకుందాం. వైశాల్యం 270 చదరపు మీటర్లు. నల్లమట్టిని 45 సెంటీమీటర్ల లోతు తీసేయాలి. అందులో ఎర్ర మొరం 30 సెంటీమీటర్లు, ఒక్కసారి కాదు, 15 చొప్పున రెండు పొరలుగా, ఒక్కో పొర తడిపి రోలర్ తిప్పి. దాని మీద 10 సెంటీమీటర్ల కంకర–డస్టు మిశ్రమం, 4 సెంటీమీటర్ల ఇసుక, ఆపైన 6 సెంటీమీటర్ల బ్లాకు. మొత్తం 50 అయింది కనుక బాట నేల కంటే 5 సెంటీమీటర్లు ఎత్తుగా నిలుస్తుంది, నీళ్లు నిలవవు. మొరం దిమ్మిస కొట్టాక 81 ఘనపు మీటర్లు ఉండాలి, కాబట్టి వదులుగా తోలేటప్పుడు నూరు పైచిలుకు రావాలి. ట్రాక్టర్లు లెక్కపెట్టుకోండి, కోత పడేది ఇక్కడే. బాట మట్టిలో కలిసిపోయాక ఎన్ని ట్రిప్పులు వచ్చాయో ఎవరూ చెప్పలేరు.

రెండు వైపులా కాంక్రీటులో పాతిన కర్బు రాళ్లు తప్పనిసరి. అవి లేకపోతే అంచు బ్లాకులు పక్కకు జరిగి, లోపలి ఇసుక కారిపోతుంది. ఒక వైపుకు అంగుళంన్నర వాలు ఇవ్వండి. గేటు దగ్గర మెట్టు కాకుండా ర్యాంపు పెట్టించండి: ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు, వెడల్పు నాలుగడుగులకు తగ్గకుండా. బైకులు రాకుండా గేటులో ఇనుప గొట్టాలు అడ్డం పాతి చక్రాల కుర్చీని కూడా ఆపేస్తున్నారు. గొట్టాల మధ్య మూడడుగులు వదలాలి.

మున్సిపల్ పనులకు సాధారణంగా రెండేళ్ల లోప బాధ్యత గడువు ఉంటుంది. అది ముగియక ముందే లేచిన చోట్ల ఫొటోలతో ఇంజినీరుకు రాస్తే కాంట్రాక్టరు సొంత ఖర్చుతో సరిచేయాలి. మీ బాటకు పని పూర్తయిన తేదీ ఏదో వెంటనే కనుక్కోండి.

ప్రశ్న: పచ్చిక లేని పార్కు పార్కేనా? మా దగ్గర లాన్ వేయాలని అందరి కోరిక, బోరు మాత్రం మార్చి దాటదు.
– మహిళా సంఘం సభ్యురాలు, జనగామ

జవాబు: కోరిక అర్థమవుతుంది, లెక్క కూడా చూడండి. మన ఎండలకు చదరపు మీటరు లాన్‌కు రోజుకు 5 లీటర్ల దాకా నీళ్లు కావాలి. 1,000 చదరపు మీటర్లు, అంటే పావెకరం లాన్‌కు రోజుకు 5,000 లీటర్లు, ఒక ట్యాంకరు. మార్చి నుంచి జూన్ మొదటి వానల దాకా నూరు ట్యాంకర్లు. అదే వంద మూడేళ్ల చెట్లకు వారానికి రెండుసార్లు, చెట్టుకు 20 లీటర్ల చొప్పున పోస్తే వారానికి 4,000 లీటర్లు. లాన్ ఒక్కరోజు తాగే నీళ్లతో వంద చెట్లు వారం బతుకుతాయి, పైగా నీడనిస్తాయి. మే నెల మధ్యాహ్నం లాన్ మీద ఎవరూ కూర్చోరు, వేపచెట్టు కింద కూర్చుంటారు.

పిల్లలు దొర్లడానికి కొంత పచ్చిక కావాలంటే ఒకే చోట 100 చదరపు మీటర్లు పెట్టుకోండి, అదీ మన గరికే. ఎండాకాలం పండినట్టు కనిపిస్తుంది, తొలకరికి మళ్లీ లేస్తుంది. మిగతాదంతా చెట్లు: వేప, కానుగ, నేరేడు, పొగడ. వీటి మధ్య ఆరు నుంచి ఎనిమిది మీటర్ల దూరం. రావి, మర్రి నాటితే గోడకు పది మీటర్లు ఎడంగా, ఒక్కటి చాలు. తొందరగా పచ్చగా కనిపిస్తుందని కోనోకార్పస్ పెట్టమంటారు, ఒప్పుకోకండి. దాని వేళ్లు పైపుల్లోకి, కాల్వల్లోకి దూరతాయి.

గుంత రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు. రేగడి నేల అయితే మూడడుగులు. తీసిన మట్టిలో మూడో వంతు చివికిన పశువుల ఎరువు, రెండు పిడికిళ్ల వేపపిండి కలిపి నింపాలి. పచ్చి పేడ వేస్తే చెదలు వస్తాయి. నర్సరీ నుంచి మొక్క తీసుకునేటప్పుడు ఒకటి రెండు కవర్లు చింపి చూడండి. వేళ్లు కవరులో గుండ్రంగా చుట్టుకుని ఉంటే ఆ మొక్క మూడో నాలుగో ఏట గాలికి పడిపోతుంది. నాటడం జూలై – ఆగస్టుల్లో, నేల జానెడు లోతు తడిశాక. పాదులో ఎండుటాకు నాలుగంగుళాలు పరిస్తే నీళ్లు సగానికి సగం ఆదా.

కొత్త బోరుకు వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) అనుమతి కావాలి. దానికంటే ముందు పార్కులో పడే వానను ఆపండి. ఒక సెంటీమీటరు వాన 100 చదరపు మీటర్ల మీద పడితే 1,000 లీటర్లు. బాట వాలు ఎటుందో అటే ఇంకుడు గుంత తవ్వించండి.

ప్రశ్న: జారుడుబండ ఎండకు కాలి పాప తొడలు కమిలాయి. ఉయ్యాల కింద సిమెంటు గచ్చు. ఎవరినడగాలి, ఏమని అడగాలి?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: కమిషనర్‌కు రాయండి, కానీ ‘బాగు చేయండి’ అని కాకుండా ఈ కొలతలు రాయండి. అప్పుడే పని సరిగా జరుగుతుంది.

ఆటసామాను కింద గచ్చు ఉండకూడదు. 30 సెంటీమీటర్ల లోతు గుల్ల ఇసుక ఉండాలి, పిల్లల ప్రాణాన్ని కాచేది అదే. ఇసుక చుట్టూ అంచు లేకపోతే వానకు కొట్టుకుపోయి కింది కాంక్రీటు దిమ్మెలు తేలుతాయి. దిమ్మెల పైభాగం ఇసుక కింద లోతుగా ఉండేలా మొదటే పాతాలి. ప్రతి వస్తువు చుట్టూ ఆరడుగులు ఖాళీ. ఉయ్యాలకు ఇంకా ఎక్కువ: వేలాడదీసిన కడ్డీ ఎనిమిదడుగుల ఎత్తులో ఉంటే ముందుకు పదహారు, వెనక్కు పదహారు అడుగులు. ఇరుకు జాగలో ఉయ్యాల పెట్టకపోవడమే మేలు, దారిన పోయే చిన్నపిల్లల తలలకు తగిలేది అదే.

ఉక్కు జారుడుబండను ఉత్తరానికి తిప్పి, చెట్టు నీడలో పాతించాలి. ఫైబర్ బండ కాలదని తెస్తారు, అదీ ఎండకు కాలుతుంది, కొన్నేళ్లకు పెళుసై నూగు లేస్తుంది. చేత్తో తడిమితే తెలుస్తుంది, అప్పుడు మార్చాల్సిందే. నిచ్చెన, కటకటాల సందులు 9 నుంచి 23 సెంటీమీటర్ల మధ్య ఉండొద్దు. పిల్లవాడి ఒళ్లు దూరి తల ఇరుక్కునే కొలత అది. ఉయ్యాల గొలుసు కొక్కేల నోరు పూర్తిగా మూసుకుని ఉండాలి. నెలకోసారి బోల్టులు బిగించి, ఇసుకను పార వేసి తిరగేసి గాజుపెంకులు ఏరాలి. అయిదేళ్లలోపు పిల్లల సామాను వేరే మూలకు, పెద్దపిల్లల పరుగుకు దూరంగా.

మీ పాపకు తగిలిన సంగతి తేదీతో సహా రాయండి. రాతలో ఉన్న ఫిర్యాదును పక్కన పడేయడం కష్టం.

ప్రశ్న: మా ఊరి చెరువు కట్ట మీద నడక బాట, కట్టకు రెండు వైపులా పెద్ద చెట్లు పెట్టాలని తీర్మానం చేశారు. ఏమైనా ఇబ్బందా?
– పాఠకుడు, వర్ధన్నపేట

జవాబు: బాట పెట్టొచ్చు, కట్ట మీద పెద్ద చెట్లు పెట్టకూడదు. మట్టికట్టలోకి వేళ్లు దిగుతాయి. చెట్టు చచ్చాక వేరు కుళ్లిన దారి వెంట నీళ్లు ఊటగా కారి, కట్టకు గండి పడుతుంది. గాలివానకు చెట్టు కూలితే కట్టలో ఎడ్లబండి పట్టేంత గొయ్యి మిగులుతుంది. కట్ట మీద గరిక, కట్ట కింద దిగువన కొంత దూరం వదిలి చెట్లు. మత్తడి మీద, తూము దగ్గర బెంచీ, హోటలు, విగ్రహం ఏదీ వద్దు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో వరంగల్ కాలనీల్లోకి నీళ్లు వచ్చినప్పుడు నీటి దారులు ఇరుకైతే ఏమవుతుందో అందరం చూశాం.

నీటిపారుదల శాఖ నిరభ్యంతర పత్రం లేకుండా పని మొదలుపెట్టనివ్వకండి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు నిండు నీటి హద్దైన ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు కట్టడాలు లేకుండా పచ్చగా వదలాలని 2012 నాటి జీఓ 168 చెబుతోంది. ఆ ముప్పై మీటర్ల పట్టీలో పన్నెండడుగుల నడక బాటకు అదే జీఓ చోటిచ్చింది. శిఖం (చెరువు లోపలి భూమి) ఆక్రమణ కాకుండా ఆపడానికి జనం రోజూ నడిచే బాటను మించిన కాపలా లేదు.

ప్రశ్న: పార్కు మూలకు చిన్న గుడి, ఇంకో మూలకు కమ్యూనిటీ హాలు కట్టాలని కాలనీలో సగం మంది అంటున్నారు. తప్పేంటి?
– పాఠకుడు, మంచిర్యాల

జవాబు: పార్కులు, వీధుల్లాంటి బహిరంగ స్థలాల్లో అనుమతి లేకుండా ఏ మతం ప్రార్థనా మందిరమూ కొత్తగా కట్టనివ్వొద్దని 2009 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఆదేశించింది. లక్నోలో పార్కు కింద కట్టిన బజారును కూల్చేయమని 1999లో చెప్పింది. హాలుకు వేరే జాగ అడగండి.

ప్రశ్న: సొమ్ము వచ్చి పార్కు అయితే అయింది. నిర్వహణ ఎవరు చూడాలి? సింగరేణి, ఎన్టీపీసీ లాంటి కంపెనీలు ఇస్తాయా?
– కాలనీ సంఘం కార్యదర్శి, గోదావరిఖని

జవాబు: కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు (సీఎస్ఆర్) పెట్టాలి. పర్యావరణం, పచ్చదనం అందులోకి వస్తాయి. సంఘమే సొమ్ము తీసుకుని పని చేయాలంటే ఆదాయపు పన్ను శాఖ రిజిస్ట్రేషన్లు (12ఏ, 80జీ అని పిలిచేవి), కంపెనీల శాఖ ఇచ్చే సీఎస్ఆర్–1 నంబరు ఉండాలి. అవి లేకపోతే మున్సిపాలిటీ ద్వారా అడగడం సులువు. అయితే కంపెనీలు కట్టడానికి ఇస్తాయి, ఏళ్ల తరబడి జీతాలకు ఇవ్వడం అరుదు. పథకాల సంగతీ అంతే. వరంగల్ 2016లో స్మార్ట్ సిటీకి ఎంపికైంది. ఆ మిషన్ 2025 మార్చి 31తో ముగిసింది. దాని కింద వచ్చినవాటిని కాపాడుకునే ఖర్చు ఇక కార్పొరేషన్ మీదే.

అందుకని మంజూరు అడిగే రోజే నిర్వహణ లెక్క కూడా పెట్టండి. ఎకరం పార్కుకు ఒక మాలి, ఒక కాపలా మనిషి అనుకుని, నెలకు 15,000 చొప్పున వేసుకున్నా ఏడాదికి 3 లక్షల 60 వేలు. పైన కరెంటు బిల్లు, మోటారు రిపేరు, ఎరువు, ఇసుక. ఈ సొమ్ము ఏ పద్దు నుంచో తీర్మానంలో రాయించుకోకుండా రిబ్బను కత్తిరించనివ్వకండి. పార్కులు చచ్చేది కట్టడానికి సొమ్ము లేక కాదు, రెండో మూడో ఎండాకాలంలో మాలికి జీతం ఆగి, మోటారు కాలి.

మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) మహిళా సంఘాలకు నిర్వహణ అప్పగించే పద్ధతి పనిచేస్తుంది, ఒప్పందం స్పష్టంగా ఉంటే. ఎన్ని రోజులకోసారి నీళ్లు, చచ్చిన మొక్క ఎన్నాళ్లలో మార్చాలి, బిల్లు నెలలో ఏ తేదీకి ఇస్తారు అన్నవి రాతలో ఉండాలి. చట్టం ప్రకారం ప్రతి వార్డులో యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు, ఒక్కోదాంట్లో పదిహేను మంది ఉండాలి. వృద్ధుల కమిటీవాళ్లు రోజూ పొద్దున పార్కులోనే ఉంటారు కాబట్టి హాజరు పుస్తకం, మోటారు రూము తాళం వాళ్ల దగ్గర పెట్టండి. గేటుకు మాత్రం పొద్దంతా తాళం వేయకండి. తాళం వేసిన పార్కులో పిల్లలు గోడ దూకుతారు, ఆడవాళ్లు రావడం మానేస్తారు, సాయంత్రానికి సీసాలు చేరతాయి. నడుము ఎత్తు గోడ, దాని మీద లోపలికి కనిపించే కంచె, బాట వెంట చెట్ల కొమ్మల కిందికి వచ్చే ఎత్తులో దీపాలు పెట్టించండి. ఎత్తు స్తంభం మీది దీపం నాలుగేళ్లకు ఆకుల్లో మునిగిపోయి, కింద బాట చీకటైపోతుంది.